బీరపువ్వుకో బ్రష్షు: డాబా మీద మొక్కలు, బొమ్మలు కలిపి చేసుకునే పద్ధతి

మా డాబా మీద ఒక పాత గాజు సీసాలో ఆరు బ్రష్షులుంటాయి. ఐదింటికి ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకునే ఉంటుంది. ఆరోది మాత్రం పుట్టి బుద్ధెరిగి రంగు ముట్టలేదు. దాని పని వేరే: సాయంత్రం బీరపువ్వులు విచ్చుకోగానే మగపువ్వు మీది పుప్పొడి తీసి ఆడపువ్వుకి అద్దడం. బొమ్మలూ ఇష్టమే, మొక్కలూ ఇష్టమే, కానీ రెండింటికీ టైమెక్కడిదండీ అని అడిగేవాళ్లకి నేను ముందు ఈ సీసా చూపిస్తాను. రెండూ వేరువేరు పనులుగా పెట్టుకుంటే నిజంగానే టైం చాలదు, ఒకదాని మధ్యలో ఇంకోటి దూర్చుకుంటే రోజుకి అరగంట, ఆదివారం ఇంకో గంట సరిపోతుంది.

మేముండేది పర్లాకిమిడిలో. ఏరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇవతల మేం ఒడిశా. మా వీధిలో గోడకి అటు తెలుగువాళ్లు, ఇటు ఒడియావాళ్లు. ఒక ఇంట్లో పారిజాతం, పక్కింట్లో అదే చెట్టు గంగసియులి, మందారం మాత్రం ఇద్దరికీ మందారమే. నాకున్నది చిన్న డాబా, పాతిక కుండీలు, ఒక వాటర్ కలర్ పెట్టె. కింద చెప్పేదంతా వాటి మీద చేసి, సగం చెడగొట్టి నేర్చుకున్నదే.

ముందు బొమ్మ, తర్వాతే నీళ్లు

పొద్దున్నే డాబా ఎక్కగానే చెయ్యి మగ్గు మీదకి పోతుంది. ఆగండి. నీళ్లు పొయ్యకముందు పది నిమిషాలు ఒక్క కొమ్మ గియ్యండి. మొక్కంతా అక్కర్లేదు. ఒక కొమ్మ, నాలుగాకులు చాలు. నీళ్లు పోసేశాక వాలిన ఆకు లేచిపోతుంది, ఆకు మీద ఉన్న జిగురూ దుమ్మూ కడుక్కుపోతాయి, మొక్క ఒంట్లో బాగోలేదని చెప్పే గుర్తులు సగం మాయమైపోతాయి. అందుకే నా లెక్కలో పెన్సిల్ ముందు, మగ్గు తర్వాత.

దీని వల్ల నాకు కలిగిన పెద్ద లాభం మిరపలో. కిందటేడు నాలుగు మిరప మొక్కల ఆకులు ముడుచుకుంటుంటే ఎండకే అనుకుని రోజుకి రెండుసార్లు నీళ్లు పోస్తూ వచ్చాను. ఒకరోజు ఆ కొమ్మే గియ్యడానికి కూర్చున్నాను. చూసేటప్పుడు "ముడుచుకుంది" అనుకుని వదిలేస్తాం కానీ గీసేటప్పుడు అలా కుదరదు, అంచు పైకి లేచిందా కిందికి వంగిందా అని పెన్సిల్ ఆగిపోయి అడుగుతుంది. చూస్తే అంచులు రెండూ పైకి లేచి ఆకు దోనెలా ఉంది. మన రైతులు దాన్ని పై ముడత అంటారు, తామర పురుగుల పని. అదే అంచులు కిందికి తిరిగి బోర్లించిన పడవలా ఉంటే కింది ముడత, అది నల్లి చేసే పని. పురుగు వేరు, మందూ వేరు. గీస్తున్న తెల్ల కాగితాన్నే కొమ్మ కింద పెట్టి రెండుసార్లు తట్టాను, నూగు గింజలో పావు వంతు కూడా లేని సన్నటి పురుగులు కాగితం మీద పరుగులు. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీళ్లలో కలవడానికి కాస్త సబ్బునీళ్లు, వారానికోసారి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా కొట్టాను. మూడు మొక్కలు తేరుకున్నాయి, ఒకటి పోయింది. కింది ముడతైతే నీళ్లలో కరిగే గంధకం పొడి వాడతారు, లీటరుకి 3 గ్రాములు. మిట్ట మధ్యాహ్నం మాత్రం కొట్టకండి, ఆకులు మాడిపోతాయి.

రంగు వెయ్యడం మొదలుపెడితే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆకు పసుపు పచ్చగా ఉంది అంటాం కదా, ఏ ఆకు? కింద ముదురాకులు పండుతుంటే నత్రజని తక్కువైనట్టు, కాస్త వర్మీకంపోస్టు వేస్తే సరి. పైన లేతాకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే అది ఇనుము అందకపోవడం. బొమ్మలో ఈనెలకి వేరే రంగు కలపాల్సి వచ్చిందంటే అక్కడే అర్థమైపోతుంది.

ఇక ఆకుపచ్చ గురించి. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లందరూ పెట్టెలో ఉన్న పచ్చరంగు తీసి అలాగే పూసేస్తారు, అందుకే బొమ్మలో ఆకులు ప్లాస్టిక్ దండలా కనిపిస్తాయి. పసుపు ఎక్కువ, నీలం తక్కువ, చివర్లో చిటికెడు ఎరుపు, ఇలా మీరే కలుపుకోండి. ఒక తెల్ల అట్టముక్కకి చిన్న చిల్లు పెట్టి ఆ చిల్లులోంచి ఆకుని చూడండి, ఎండ వెనకనుంచి పడుతున్న అరిటాకు నిమ్మపండు రంగులో ఉంటుంది, మామిడి చిగురు రాగి చెంబు రంగులో ఉంటుంది, కరివేపాకు పైవైపు మెరుపుకి నీలం తెలుపు కలిసిన ఆకాశం రంగు వస్తుంది. పేరుకి అన్నీ పచ్చవే.

ఆరో బ్రష్షు సంగతి

డాబా మీద బీర, సొర పాదులు పెట్టి పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయని బాధపడేవాళ్లు చాలామంది. ఎరువులు మార్చి మార్చి అలిసిపోతారు. చాలాసార్లు కారణం ఒకటే, అంత ఎత్తుకి తేనెటీగలు సరిగ్గా రాకపోవడం. ఇక్కడ మనమే తేనెటీగ.

బీరలో మగపువ్వులు గుత్తిగా వస్తాయి, కింద ఒట్టి కాడే ఉంటుంది. ఆడపువ్వు ఒంటరిగా వస్తుంది, దాని కింద వేలెడు పిందె ముందే ఉంటుంది. మీరు ఒక్కసారి రెండూ పక్కపక్కన బొమ్మ వేసుకున్నారంటే ఇక జన్మలో మర్చిపోరు. బీర, సొర సాయంత్రం పూస్తాయి. కాబట్టి ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లకి అనుకూలం, 5 గంటలు దాటాక పైకెళ్లండి. గుమ్మడి, కాకర తెల్లారగట్లే విచ్చుకుంటాయి, వాటి పని పొద్దున్న 8 లోపు అయిపోవాలి. పొడి బ్రష్షుతో మగపువ్వు నడిమధ్యన మెల్లగా తిప్పితే బ్రష్షు చివర పసుపు పొడి అంటుకుంటుంది, దాన్ని ఆడపువ్వు మధ్యన ఉన్న బుడిపెల మీద అన్ని వైపులా అద్దాలి. గుండ్రటి, మెత్తటి నాలుగో నంబరు బ్రష్షు సరిపోతుంది. తడిగా ఉండకూడదు, ఇంతకుముందు రంగులో ముంచినది అసలే పనికిరాదు.

అద్దేశాక వచ్చేస్తారా? వద్దు, ఆ పువ్వు బొమ్మ అక్కడే ఐదు నిమిషాల్లో కాగితం మీద వేసి, తారీకు వెయ్యండి. మూడు నాలుగు రోజులకి పిందె పెరుగుతుంటే పట్టినట్టే. నా పుస్తకంలో ఒక్క బీర పాదు బొమ్మలే పద్దెనిమిది పేజీలున్నాయి, ఏ పువ్వు ఏ రోజు కాయైందో అందులోనే ఉంది, వేరే డైరీ అక్కర్లేదు.

డాబా మీదే రంగులు

పువ్వుల్లోంచి రంగు తియ్యడం సరదాగా ఉంటుంది కానీ ఒక మాట ముందే చెప్పాలి, ఎందుకంటే వీడియోల్లో ఎవరూ చెప్పరు: పువ్వు రసం చాలావరకు వెలిసిపోతుంది. శంఖుపూల నీలంతో మా చెల్లెలి పెళ్లిరోజుకి ఒక కార్డు వేసి ఇచ్చాను, నెల తిరిగేసరికి అది బూడిద రంగులోకి దిగిపోయింది. తర్వాత తెలిసింది, ఆ నీలం పులుపు తగిలితే గులాబీ అవుతుంది, క్షారం తగిలితే పచ్చబడుతుంది, ఇప్పటి కాగితాల్లో చాలావాటిలో సుద్ద కలుస్తుంది కాబట్టి కాగితమే దాన్ని మార్చేస్తుంది. పిల్లలకి చూపించడానికి మాత్రం దీన్ని మించింది లేదు, గ్లాసు నీళ్లలో నాలుగు పూలు, మీద నిమ్మచెక్క పిండండి, కేకలు పెడతారు. పసుపూ అంతే, సున్నం కలిపితే పారాణి ఎరుపొస్తుంది, ఎండలో మాత్రం నిలవదు. బచ్చలి పళ్లు, బీట్‌రూట్ కూడా ఆ కోవలోవే.

కాస్త నిలిచే రంగు కావాలంటే బంతిపూలు. దసరా వెళ్లాక తోరణాలు పారేసే బదులు రేకలు తుంపుకోండి, ఆకుపచ్చ తొడిమ వద్దు. పచ్చి రేకలైతే 100 గ్రాములు, లీటరు నీళ్లు, స్టీలు గిన్నెలో సన్నసెగ మీద ముప్పావుగంట. ఇనప మూకుడు వద్దు, రంగు నల్లబడిపోతుంది. వడకట్టి, వేడి మీదే 10 గ్రాముల పటిక పొడి కలపండి. వేరే గ్లాసులో 5 గ్రాముల బట్టల సోడా కొంచెం వేణ్ణీళ్లలో కరిగించి, అది బొట్టు బొట్టుగా దీంట్లో పొయ్యాలి. ఇక్కడే నేను మొదటిసారి తొందరపడ్డాను, గ్లాసుడూ ఒకేసారి వంచేశాను, నురగ పొంగి గిన్నె దాటి గట్టు మీద, గట్టు మీంచి నా చీర మీద, ఆ మరక ఇంకా ఉంది. పెద్ద గిన్నె పెట్టుకుని ఓపిగ్గా పోస్తే చిక్కటి పసుపు ముద్ద అడుక్కి దిగుతుంది. రాత్రంతా వదిలేసి, పైతేట వంచేసి, మంచినీళ్లు పోసి మళ్లీ తేరనివ్వండి, ఇలా మూడుసార్లు. తర్వాత పాత పంచె గుడ్డలో వడకట్టి నీడన ఆరబెడితే పెళుసుగా బిళ్లలా విరుగుతుంది. దాన్ని పాత గాజు పలక మీద నూరి, తుమ్మబంక నీళ్లు (బంక ఒక వంతు, నీళ్లు రెండు వంతులు), రెండు బొట్లు తేనె కలిపితే వాటర్ కలర్ రెడీ. ఈ గిన్నె మళ్లీ వంటకి వాడకండి.

అసలు వెలవనివి కావాలంటే పువ్వుల వైపు చూడకండి, కుండీలోకి చూడండి. ఎర్రమట్టి బకెట్ నీళ్లలో కలిపి నిమిషం ఆగితే ఇసక కిందికి దిగుతుంది, పైన ఎర్రగా ఉన్న నీళ్లు వేరే గిన్నెలోకి వంచి ఒక రోజు కదపకుండా వదిలేస్తే అడుగున వెన్నలాంటి మట్టి మిగులుతుంది. అదే రంగు. నలుపుకి దీపం మసి. గీతలకి బొగ్గు కావాలంటే మందారం కత్తిరించినప్పుడు పెన్సిల్ లావు పుల్లలు దాచి ఎండబెట్టి, మూతకి మేకుతో ఒక చిల్లు పెట్టిన రేకు డబ్బాలో కుక్కి, చెత్త మంటలో పడెయ్యండి. చిల్లులోంచి పొగ ఆగిపోయాక తీసి, పూర్తిగా చల్లారాకే మూత తియ్యాలి, వేడి మీద తీస్తే గాలి తగిలి పుల్లలు అంటుకుని బూడిదైపోతాయి. పటచిత్రాలు వేసే ఒడియా చిత్రకారులు తెలుపుకి శంఖం పొడి, నలుపుకి దీపం మసి, అతుక్కోవడానికి వెలగ బంక, గుడ్డ గట్టిపడ్డానికి చింతగింజల జిగురు వాడతారు. వాళ్ల పాత పసుపు రంగు హరితాళం మాత్రం ఆర్సెనిక్ అనే విషం ఉన్న రాయి, దాని జోలికి మనం పోనక్కర్లేదు.

ఏ రంగైనా బొమ్మ వెయ్యకముందు ఒక పట్టీ గీసి, సగం మీద పుస్తకం పెట్టి, కిటికీలో పదిహేను రోజులు వదిలేయండి. రెండు సగాలకీ తేడా కనిపిస్తే ఆ రంగుతో ఎవరికీ కార్డులు వెయ్యకండి.

కుండీలకి రంగులు, తప్పదంటే

చాలామంది ఇక్కడే మొదలుపెడతారు, నేను దీన్ని చివర్లో పెట్టాను. రెండేళ్ల కింద బరంపురం నుంచి వస్తూ దారిలో ఒకచోట ముచ్చటపడి ఆరు రంగుల మట్టి కుండీలు కొన్నాను. నీలం ఎనామిల్ మీద తెల్ల పూలు, చూడ్డానికి పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. మొదటి వర్షాకాలం దాటకుండానే పొక్కులు లేచి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయాయి. అమ్మినవాళ్లని తిట్టుకున్నాను కానీ అది మట్టికుండ స్వభావం. లోపలి తేమ గోడలోంచి బయటికి రావాలని చూస్తుంది, బయట ఎనామిల్ అడ్డం ఉంటే దాన్ని తోసేస్తుంది, నీళ్లలోని ఉప్పులు తెల్లగా పొంగి మిగతా పని పూర్తి చేస్తాయి.

కాబట్టి మూడే దార్లు. ఒకటి, కుండీకి అంచు దగ్గర నాలుగు వేళ్ల పట్టీకే రంగు, మిగతాది ఒట్టి మట్టి. రెండోది, రంగు కుండీ బయట, మొక్క లోపల నర్సరీ ప్లాస్టిక్ కుండీలో. మూడోది, నాకు ఎక్కువ ఇష్టమైంది: సున్నం. ఇక్కడ ఒడియావాళ్ల తులసి చౌరాకీ మన తులసి కోటకీ తరాలుగా కొడుతున్నదే. అది గాలి ఆడనిస్తుంది, పొక్కులు రావు. ముందురోజు నానబెట్టిన సున్నంలో కాస్త తుమ్మబంక నీళ్లు కలిపి రెండు పూతలు వెయ్యండి, దాని మీద ఎర్రమట్టితో గీతలు. ప్రతి ఏడూ మళ్లీ వెయ్యాలి, అదొక పనే, ఏం చేస్తాం. కంట్లో పడకుండా చూసుకోండి, మట్టిలో ఒలికించకండి, సున్నం ఎక్కువైన మట్టిలో మందారం లేతాకులు పసుపెక్కుతాయి.

పాత పెయింట్ డబ్బాల్లో ఆకుకూరలు మాత్రం వెయ్యొద్దు. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, అంతకు ముందు డబ్బాలో ఏముందో చూసి చెప్పలేం. నూనె డబ్బాలు వాడుకోండి, అడుగున ఐదారు చిల్లులు పెట్టి.

బ్రష్షు కడిగిన నీళ్లు మొక్కలకే పోస్తే పోలా అనుకుంటాం. మట్టి రంగు, బియ్యప్పిండి, బొగ్గు అయితే పొయ్యండి. అక్రిలిక్ అంటే ప్లాస్టిక్కే, అది వద్దు. ట్యూబు మీద కాడ్మియం, కోబాల్ట్ అని ఉంటే అదీ వద్దు.

గడప ముందు

మా ఊళ్లో మార్గశిరం వచ్చిందంటే లక్ష్మివారాలు రెండు భాషల్లో జరుగుతాయి. మనకి మార్గశిర లక్ష్మివారం, వాళ్లకి మాణబసా గురుబారం. ఎదురింటి మావుసి (ఒడియాలో పిన్ని) పచ్చిబియ్యం నానబెట్టి రుబ్బి, ఆ పిండిలో వేళ్లు ముంచి గోడకీ గడపకీ ఝోటి అనే పిండిముగ్గు వేస్తుంది, లక్ష్మి పాదాలు, వరి కంకులు. కంకి వేసేటప్పుడు నాలుగు వేళ్లూ ఒకేసారి పిండిలో ముంచి గోడకి ఆనించి అలా విదుపుతుంది, గింజలన్నీ ఒక్క తాకుతో పడిపోతాయి. నాకు ఆ ఒక్క విదుపు పట్టుబడడానికి మూడేళ్లు పట్టింది. రుబ్బిన పిండి పల్చటి మజ్జిగంత ఉండాలి, ఇంకా పల్చనైతే గోడ మీద కారుతుంది, చిక్కనైతే ఆరాక రాలిపోతుంది. అందులో మనం చెయ్యగలిగింది ఒకటుంది, పుస్తకం చూసి పాత ముగ్గే వెయ్యకుండా ఆ వారం మన డాబా మీద ఏది పూసిందో దాన్ని ముగ్గులో పెట్టడం. మా గడపలో బీరతీగ, నులితీగతో సహా, ఒక వారమంతా ఉంది. చీమలు వచ్చి తినేదాకా.

సవర గిరిజనుల బొమ్మల మాట కూడా అడుగుతుంటారు, గుణుపురం దగ్గర పుట్టసింగి, ఇటు సెరంగో వైపు ఊళ్లలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో, వెదురు పుల్లతో వేసేవి. గిడుగు రామమూర్తి గారు మా ఊరి బళ్లో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు కానీ, మనలో చాలామందికి ఆ బొమ్మలు టీషర్టుల మీద చూసిందే. అవి వాళ్ల పెద్దలకీ దేవతలకీ వేసుకునే ఇడితాళ్లు. వాటిని ఎత్తుకొచ్చి కుండీల మీద దించడం నాకు నచ్చదు, మీ ఇష్టం. పద్ధతి మాత్రం నేర్చుకోవచ్చు: ముందు చుట్టూ అంచు వేసి, అక్కణ్ణుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. గోడ మీద తోట బొమ్మ వేసేటప్పుడు ఇది ఎంత సుఖమో, చోటు చాలలేదన్న బాధ ఉండదు. వేప పుల్ల చివర నమిలితే బ్రష్షు, సన్న గీతకి కొబ్బరి ఈనె.

అక్టోబరు వస్తే

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను వచ్చినప్పుడు పిట్టగోడ మీద పెట్టిన కుండీలన్నీ వీధిలో ఉన్నాయి. 2013లో ఫైలిన్ తుపాను కూడా అక్టోబరులోనే, 12న, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. అందుకని సెప్టెంబరు ఆఖరుకే పిట్టగోడ మీంచి అన్నీ కిందికి దింపేస్తాను, బీర పందిరి తాళ్లు మళ్లీ బిగిస్తాను, బొమ్మల పుస్తకం ప్లాస్టిక్ కవర్లో వేసి బియ్యం డ్రమ్ము మీద పెడతాను.

గాలివానలు తగ్గాక విత్తనాల పని. పాదు మీదే ఎండిన బీరకాయని చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది, అప్పుడు కొయ్యాలి. బంతి విత్తనాలు బాగా ఎండిన పువ్వులోంచి. పాత కాగితాలతో కవర్లు అతికి, మీద పేరు రాయను, పువ్వు బొమ్మ వేస్తాను, డాబా మీద చేసిన ఆ పసుపుతోనే, పక్కన ఏడాది. సగం కవర్లు ఎదురింటికి పోతాయి, మావుసికి తెలుగు చదవడం రాదు, నాకు ఒడియా రాయడం రాదు.